గోడ పక్క కుర్చీలు

పెద్ద వరద వచ్చి పోయిన మరుసటి ఏడాది అది. వీధిలో ఎవరు ఏ సంగతి చెప్పినా వరదకు ముందా, తరువాతా అని అడిగి గాని వినేవాళ్ళు కాదు. తాపీమేస్త్రి భార్య యూనివర్సిటీలో చేరడం వరద తరువాత సంగతి. ఆ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న గొడవ అంతకంటే తాజాది. ఆ పూటదే.

“ఎవరు జరిపారో చెబుతారా, చెప్పరా?”

మేస్త్రి భార్య వీధిగుమ్మంలో నిలబడి అడుగుతోంది. భుజాన సంచి దించలేదు. కాళ్ళ చెప్పులు విప్పలేదు. మామూలుగా ఈ వేళకు ఆమె క్లాసులో ఉంటుంది. దీపాలు వెలిగాక ఎప్పటికో ఇల్లు చేరుతుంది. రేపటి పనికి తయారవమని పాఠం చెప్పే మేడమ్ ఇవాళ క్లాసు ఎత్తేసింది. అందుకని వెలుగుండగానే వచ్చింది. వచ్చిన దగ్గరనుంచీ ఇదే మాట.

“నన్నా అడిగేది?” అంది అత్తగారు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

“ఇంట్లో ఉన్న అందరినీ అడుగుతున్నాను అత్తయ్యా.”

“ఉన్నది నేనూ, నీ కూతురూ. మీ ఆయన పెరట్లో ఉన్నాడు. వాణ్ణి అడిగినా ఒకటే, ఆ కుళాయిని అడిగినా ఒకటే. కుళాయి నయం, నాలుగు చుక్కలన్నా రాలుస్తుంది.”

మేస్త్రి పెరట్లో ఆ కుళాయి దగ్గరే కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళ సందుల్లో చేరిన సిమెంటు తొందరగా వదలదు. ఆయన తొందరపడే మనిషీ కాదు. పనిదగ్గర కూలీలు ఆయనకు ‘రసమట్టం’ అని పేరు పెట్టుకున్నారు. గాజుగొట్టంలో బుడగ నడుమకు వస్తే గోడ సమంగా ఉందని అర్థం, రాకపోతే లేదని. అంతకుమించి అది ఏమీ చెప్పదు. మేస్త్రీ అంతే.

తలుపు తెరిచే ఉంది. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

“అమ్మా, నాకు ఒకటి అర్థం కాదు,” అంది కూతురు. ఆ పిల్ల మందుల షాపులో పని చేస్తుంది. రోజంతా జనం దగ్గులూ తుమ్ములూ విని వస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక ఎవరి బాధా పెద్దగా పట్టదు. “కుర్చీలు జరపడానికే కదా అక్కడ పెట్టావు. జరిగాయని ఏడుస్తావేంటి?”

“కూర్చునేవాళ్ళు జరపాలి.”

“కూర్చోనివాళ్ళు జరిపితే?”

“నా చదువు బుగ్గిపాలవుతుంది.”

మేస్త్రి చెయ్యి సబ్బు మీద ఆగింది.

కుర్చీల సంగతి ఆయనకు తెలియనిది కాదు. వరదలో ఎదురుగా మూడిళ్ళు కూలిపోయాయి. శిథిలాలు ఎత్తేశాక అక్కడ ఖాళీ జాగా మిగిలింది. పట్టణ కార్యాలయంవాళ్ళు దాని చుట్టూ కంచె వేసి, తాళం పెట్టి, పాత పైపులు పోసుకుందామనుకున్నారు. ఈవిడ చదివేదేమో సమాజాభివృద్ధి, సుస్థిర నగరాలు. ఆ రెండో మాట వీధిలో ఎవరి నోరూ తిరగలేదు. అందుకని ‘ఊళ్ళచదువు’ అనేవాళ్ళు. ఆ ఊళ్ళచదువులో ఈ ఆరునెలలకూ ఆమెకు ఇచ్చిన పని ఆ జాగాయే. జనానికి అక్కడ ఏం కావాలో కనుక్కొని రావాలి.

అడిగితే చెబుతారుగా అని మొదట్లో ఆమె అనుకుంది. మేడమ్ ఒప్పుకోలేదు. అడిగితే మన మొహం చూసి మనకు నచ్చేదే చెబుతారమ్మా, అందట. తేలికపాటి కుర్చీలు పెట్టి వదిలెయ్యి. దేనికీ కట్టకు. ఎవరు ఎక్కడికి లాక్కుంటారో చూడు.

అలా యూనివర్సిటీ సామాన్లగదిలోంచి ఏడు కుర్చీలు వచ్చాయి. రోజూ పొద్దెక్కగానే ఆమె వెళ్ళి కుర్చీలు ఎక్కడున్నాయో చూసి వచ్చేది. గదిలో గోడకు పెద్ద కాగితం మీద ఆ జాగా బొమ్మ గీసి పెట్టుకుంది. కుర్చీ ఉన్నచోటల్లా జిగురుతో ఒక గుండీ అంటించేది. గుండీలు ఆ జాగా పక్కనే కొట్టున్న దర్జీ ఇచ్చాడు. మూడు వారాలకు గుండీలన్నీ ఒకేచోట గుంపుకట్టాయి. జాగాకు ఆ చివర ఉన్న ఎత్తుగోడ పక్కన.

ఆమె దానిమీద ఆలోచించింది, చదివింది, రాసింది. వరద చూసిన మనుషులు వీపు వెనక ఏదో ఒక గట్టి ఆసరా ఉంటేనే కుదురుగా కూర్చుంటారు అని రాసింది. మేడమ్ దాన్ని క్లాసులో అందరికీ చదివి వినిపించింది. రేపు పదిగంటలకు మేడమ్, పట్టణ కార్యాలయం ఇంజనీరూ ఇక్కడికే వస్తున్నారు. ఆ జాగాలోనే నిలబడి ఈమె చెప్పాలి. వాళ్ళకు నచ్చితే కంచె ఆగుతుంది, గోడ పక్కన అరుగు లేస్తుంది.

మేస్త్రికి ఆ ‘గట్టి ఆసరా’ మాట ఎంత నచ్చిందో ఎవరికీ తెలియదు. భార్య కూతురికి చెబుతుంటే విన్నాడు. మర్నాడు పనిదగ్గర అన్నం తినేటప్పుడు ఉన్నట్టుండి, “మనిషికి వీపు వెనక గోడ కావాలి,” అన్నాడు. కూలీలు ముద్ద చేతిలో పట్టుకుని చూశారు. మేస్త్రి తనంతట తాను మాట్లాడటం వాళ్ళకు అదే మొదలు.

“ఎవరు చెప్పారు మేస్త్రీ?”

“మా ఇంట్లో,” అని మళ్ళీ తినడంలో పడ్డాడు.

ఇప్పుడు ఆ మాట లోపల ముక్కలవుతోంది.

“ఇవాళ వస్తూ వస్తూ చూశాను,” అంటోంది భార్య. “ఆ గోడ దగ్గర ఒక్క నరపురుగు లేదు. దర్జీని అడిగాను. ఆయనేమన్నాడో తెలుసా? ‘అక్కడెవరు కూర్చుంటారమ్మా, మధ్యాహ్నం ఎండంతా తాగి రాత్రిదాకా సెగలు కక్కే గోడ అది. సాయంత్రం ఎవరికి తోచినచోటికి వాళ్ళు ఈడ్చుకుపోతారు. నేను కొట్టు తీసేసరికి మళ్ళీ అన్నీ ఆ గోడ దగ్గరే ఉంటాయి. నువ్వే పెడుతున్నావనుకున్నాను’ అన్నాడు. నేనేమో పొద్దున్నే వెళ్ళి, జనం పెట్టారనుకుని…”

సంచి పట్టీ రెండు చేతులా పట్టుకుంది.

మేస్త్రి వేళ్ళ మీద నురుగు ఆరిపోతోంది. నీళ్ళు పోసుకోవాలన్న ధ్యాస లేదు.

ఆయన రోజూ ఇంకా వెలుగు రాకముందే పనికి బయల్దేరతాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆ జాగాలోంచి అడ్డంగా నడిచి వెళతాడు. కుర్చీలు ఒకటి అటూ ఒకటి ఇటూ పడి ఉంటాయి. పాలబండి వచ్చే వేళ. పైగా యూనివర్సిటీ సామాను, ఒకటి విరిగితే మాట పడేది ఆవిడ. మేస్త్రి చెయ్యి దారిలో పడి ఉన్న వస్తువును దాటి పోలేదు. సంచి దించి ఒక్కొక్కటే ఎత్తి, గట్టి నేల చూసి, గోడ పక్కన వరసగా పెట్టి పోయేవాడు. భార్య చదువుకు తను చేస్తున్న సాయం అదొక్కటే అని లోలోపల కాస్త సంతోషం కూడా ఉండేది. రాత్రి క్లాసునుంచి వస్తూ ఆమె చూసుకుంటుందనుకున్నాడు. ఎప్పుడు చూస్తుందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

“నానమ్మా, నిజం చెప్పు. నువ్వేగా?” అంది కూతురు. “నీ కంటికి ఏదీ ఉన్నచోట ఉండకూడదు.”

“నా మోకాళ్ళతో నేను కుర్చీలు మొయ్యడమా! మంచం దిగాలంటేనే మనిషి కావాలి.”

“మొన్న బీరువా జరిపావుగా.”

“బీరువా వేరు. దాని కింద బొద్దింక ఉంది.”

కూతురు నవ్వింది. మేస్త్రి భార్య నవ్వలేదు.

“అత్తయ్యా, నవ్వులాటలొద్దు. నేను చదవడం మీకు మొదటినుంచీ ఇష్టం లేదు. ‘ఈ వయసులో సంచి తగిలించుకుని తిరగడమేంటి’ అని పక్కింటివాళ్ళతో అన్నారు. నాకు తెలుసు. అనండి, పడతాను. కానీ ఇలా వెనకనుంచి…”

కత్తి ఆగింది.

అంతసేపూ ఆగనిది అప్పుడు ఆగింది. ముసలావిడ కోడలి మొహంలోకి చూసింది. తరిగిన ముక్కలు గిన్నెలోకి దూసి, గిన్నె పక్కకు నెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ నోరు మూతపడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

మేస్త్రి తడి చేతులతోనే లోపలికి వచ్చాడు.

“అమ్మ కాదు,” అన్నాడు.

“మరి?”

“నేను.”

పెరట్లో కుళాయి ఆయన సరిగా కట్టలేదు కాబోలు, అదొక్కటే మాట్లాడుతోంది.

“మీరా?” అంది భార్య.

“రోజూ.”

“రోజూనా? ఏడూనా?”

తల ఊపాడు.

కూతురికి ముందు అర్థం కాలేదు. తరువాత ఒక్కసారిగా అర్థమైంది. స్టూలు మీద కూలబడి పొట్ట పట్టుకుంది. “అమ్మా! అయితే నువ్వు మూడు వారాలుగా చదివింది జనాన్ని కాదు. నాన్నని!”

భార్య సంచి దించింది. దించిన చోటే కింద కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కనుంచి చూస్తున్న మేస్త్రికి తెలియలేదు. వంగి చూడటానికి మొహం చెల్లలేదు.

“ఎందుకు పెట్టారు?”

“దారిలో ఉన్నాయి.”

“ఉంటే?”

“పాలబండి…”

“ఒక్క మాట. ఒకే ఒక్క మాట. ‘ఏమే, నీ కుర్చీలు జరుపుతున్నాను’ అని అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“నువ్వూ చెప్పలేదు,” అన్నాడు మేస్త్రి. “ముట్టుకోకూడదని.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె చెప్పలేదు. ఆ చదువు గురించి ఇంట్లో కూతురికి చెప్పింది, వీధిలో దర్జీకి చెప్పింది. ఈయనకు మాత్రం చెప్పలేదు. వినీ విననట్టు ఉండే మనిషికి చెప్పేదేముందిలే అనుకుంది.

“మీరెప్పుడన్నా అడిగారా, నేనేం చదువుతున్నానో?” అంది చివరికి.

ఆయన గోళ్ళ సందుల్లో మిగిలిన సిమెంటు గీక్కున్నాడు.

ముసలావిడ గొంతు సవరించుకుంది. కోడలు అన్నది ఇంకా లోపల కుచ్చుకునే ఉంది. అయినా అది పక్కన పెట్టినట్టే ఉంది.

“ఇప్పుడేం మునిగిపోయింది? ఎవరు పెట్టారో తెలిసినవాళ్ళం మనం నలుగురమే. రేపు నువ్వు రాసింది రాసినట్టు చదివెయ్యి. వాళ్ళు అరుగు కట్టిస్తారు, కంచె పోతుంది. అందరికీ మంచిదేగా.”

“చదవొద్దన్నది మీరేగా అత్తయ్యా?”

“చదవొద్దన్నాను. చదివాక ఓడిపొమ్మనలేదే!”

“నానమ్మ చెప్పింది కరెక్టే,” అంది కూతురు. “అబద్ధమేముంది? కుర్చీలు పొద్దున్న అక్కడున్న మాట నిజమేగా. ఎవరు పెట్టారని వాళ్ళడిగితే చూసుకుందాం.”

మేస్త్రి కూడా ఒక మాట అనాలనుకున్నాడు. ఆమెకు ఊరటగా ఉండే మాట. వెతికి వెతికి, “నేను ఎవరికీ చెప్పను,” అన్నాడు.

“మీరు చెప్పరని నాకు తెలియదా!” అని లేచింది ఆమె. “మీరు చెప్పకపోవడం వల్లే కదా ఇంత జరిగింది!”

ఆయన గోడకు జరిగి నిలబడ్డాడు. వీపు వెనక గోడ ఉందని అప్పుడు తెలిసింది. అది ఆసరాగా ఏమీ అనిపించలేదు.

ఆమె కాగితం ముందుకు వెళ్ళి నిలబడింది. కాసేపటికి మాట నెమ్మదించింది.

“అరుగు అక్కడే కడతారు. మీచేతే కట్టించొచ్చు కూడా. కట్టాక ఆ సెగలో ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. ఏడాది తిరక్కుండా ఇంజనీరు వచ్చి, ‘చూశారా, అడిగి మరీ కట్టించుకున్నారు, ఒక్కరూ రారు’ అని కంచె వేస్తాడు. అప్పుడు మాట్లాడటానికి ఎవరికీ నోరుండదు.”

“ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే?” అంది కూతురు. ఇప్పుడు నవ్వడం లేదు.

“చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. కంచె రేపే పడుతుంది. నా ఆరునెలలూ మళ్ళీ మొదటికి. అసలు మళ్ళీ రానిస్తారో లేదో.”

అంటూనే ఆమె కాగితం మీద ఒక గుండీ గోటితో గిల్లింది. అది ఊడి వచ్చింది. తరువాత ఇంకొకటి. గుప్పిట్లో వేసుకుంటూ పోయింది. గోడ పక్క గుంపు పలచబడుతోంది. మేస్త్రికి తను కట్టిన గోడను ఎవరో ఇటుక ఇటుకా విప్పుతున్నట్టుంది.

సగంలో ఆమె చెయ్యి ఆగింది. గిరుక్కున తిరిగింది.

“ఆగండి. మీరు జరపకముందు చూసేవారుగా. రోజూ. జనం ఎక్కడ వదిలి వెళ్ళారో చూసింది ఈ వీధి మొత్తంలో మీరొక్కరే. ఎక్కడుండేవి?”

ముగ్గురూ ఆయన వైపు చూశారు. ముసలావిడ కూడా ముందుకు వంగింది.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఎంత తవ్వినా మసకచీకటిలో తెల్లటి కుర్చీలు తప్ప ఏమీ తోచలేదు. ఒకటి ఎత్తడం, నడవడం, దించడం. మళ్ళీ ఒకటి. ఎక్కణ్ణుంచి ఎత్తాడో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎక్కడ పెట్టాలో అదే చూశాడు.

“తెలీదు,” అన్నాడు.

“మూడు వారాలు మోశారు. ఏదో ఒకటన్నా?”

“బరువు తెలుసు.”

ఈసారి నవ్వింది భార్యే. కోపంలోంచి, దుఃఖంలోంచి అడ్డంగా తోసుకొచ్చిన నవ్వు. ముసలావిడా నవ్వింది. కోడలి వైపు చూడకుండా నవ్వింది. అయినా నవ్వింది.

వంటవేళ అయింది. కూతురు గిన్నె అందుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి కదల్లేదు. చేతిలో గుండీలు పట్టుకుని నిలబడ్డ భార్యనే చూస్తున్నాడు. ఆయన మనసులో ఒకటి తొలుస్తోంది. కుర్చీలు ఎక్కడుండేవి? అంతమంది మనుషులు రోజూ ఏదో చేసి పోయారు. తను రోజూ దాన్ని చెరిపేశాడు. ఏం చెరిపాడో మాత్రం తెలియదు.

“ఈ చదువులో…” అన్నాడు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. “ఈ చదువులో ఏం చెబుతారు?”

ఆమె నమ్మలేనట్టు చూసింది. వెక్కిరింపా అని వెతికింది. కాదు.

“మీరు గోడ కడతారు కదా,” అంది. “కట్టిన తరువాత ఎప్పుడన్నా మళ్ళీ వెళ్ళి చూశారా, దాని దగ్గర మనుషులు ఏం చేస్తున్నారో?”

“పని అయ్యాక ఎందుకు వెళతాం?”

“మేం అక్కణ్ణుంచి మొదలుపెడతాం.”

మేస్త్రి ఆ మాటను నోట్లో వేసుకుని నమిలినట్టు దవడ ఆడించాడు.

“సుస్థిరమంటే?”

“ఇవాళ కట్టుకున్నది మన మనవలక్కూడా పనికిరావడం. ఊరు వాడుకునేవాళ్ళు దాన్ని తమదనుకుని చూసుకోవడం. సిమెంటొక్కటే ఉంటే నిలవదంటారు.”

“సిమెంటు ఉండాలి,” అన్నాడు మేస్త్రి, కాస్త నొచ్చుకుని.

“ఉండాలి. వద్దని ఎవరన్నారు?”

ఆమె గుప్పిట్లోని గుండీలు డబ్బాలో పోసింది.

“ఇవాళ ఇంకా జనం బయటే ఉన్నారు,” అంది ఆమె, కిటికీ వైపు చూసి. “రేపు పొద్దున ఎక్కడున్నవి అక్కడే ఉంటే, ఆ ఒక్కరోజు సంగతే చెబుతాను. మిగతాదంతా తప్పని ముందే ఒప్పుకుంటాను. ఒక్కరోజు లెక్కకు వాళ్ళు విలువిస్తారో లేదో తెలియదు. మీరు మాత్రం ముట్టుకోకండి.”

“ముట్టను.”

“కుర్చీ అడ్డంగా పడి ఉన్నా?”

“ముట్టను.”

“పాలబండి మీదికొచ్చినా?”

మేస్త్రి చిలక్కొయ్యకున్న పనిముట్ల సంచి వైపు చూశాడు.

మర్నాడు ఆయన మామూలు వేళకే లేచాడు. పనిముట్ల సంచి చిలక్కొయ్యకే వదిలేశాడు. ఇవాళ రానని పనిదగ్గరికి ముందే కబురు పెట్టాడు. చేతులు రెండూ వెనక కట్టుకుని, ఎవరో చూస్తున్నట్టు బెరుకుగా ఆ జాగాలో అడుగు పెట్టాడు.

కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటిసారి వాటిని చూశాడు.

రెండు దర్జీ కొట్టు పందిరి కింద ఎదురెదురుగా ఉన్నాయి. కూర్చుంటే మోకాళ్ళు రాసుకునేంత దగ్గరగా. అంత దగ్గరగా కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారు? గొడవా, రహస్యమా? ఒకటి వీధికుళాయి పక్కన ఉంది, బిందె నిండేదాకా కూర్చోవడానికి కాబోలు. ఇంకో రెండు ఒకదాని వెనక ఒకటి బండిలో సీట్లలా ఉన్నాయి. అది పిల్లల పనే. ఆరో కుర్చీ కాలు కింద ఎవరో పెంకుముక్క దూర్చి సమం చేశారు. మేస్త్రి వంగి చూశాడు. పని బాగానే ఉంది. ఎవరు చేశారో?

పాలబండి వచ్చింది. మేస్త్రి వెనక కట్టుకున్న చేతులు విప్పబోయి మళ్ళీ కట్టుకున్నాడు. తోలేవాడు వేగం తగ్గించి, కుర్చీలను చుట్టి, ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఏడో కుర్చీ అందరికీ దూరంగా, జాగా అంచున ఉంది. వీధికి వీపు పెట్టి ఉంది. చుట్టూ నీడ లేదు, మాటకు తోడు లేదు. దాన్ని అక్కడికి లాక్కుపోయిన మనిషికి ఏం కావాలో ఎంత ఆలోచించినా అందలేదు. నిలబడి చూస్తే ఎదురుగా రెండిళ్ళ పక్కగోడలు, వాటి సందును కప్పేసిన చూరు, అంతే. అందులో ఒకటి తను కట్టిందే.

నిలబడితే తెలియదేమో అని కూర్చున్నాడు.

కూర్చుంటే చూరు కిందుగా ఆ రెండు గోడల సందులోంచి, అరచేయంత వెడల్పున, ఏటి నీళ్ళు కనిపించాయి. అప్పుడే వెలుగు పడుతోంది. నీళ్ళ మీద ఏదో చిన్న పడవ సందుకు ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటి మాయమైంది. ఆ గోడ కట్టినన్నాళ్ళూ ఆయన దాన్ని ఎన్నిసార్లు ఎక్కి దిగాడో. అక్కడినుంచి ఏరు కనిపిస్తుందని ఎరగడు.

ఎవరు కూర్చుంటున్నారు ఇక్కడ? రోజూ వస్తున్నారా? తను రోజూ ఆ కుర్చీని తీసుకుపోయి గోడకు పెడుతుంటే, వాళ్ళు రోజూ మళ్ళీ ఇంతదూరం మోసుకొచ్చుకున్నారా? ఒక్కనాడన్నా విసుక్కోలేదా?

వెనక బండి ఆగిన చప్పుడైంది. పదిగంటలకు ఇంకా చాలా పొద్దుంది. దిగింది ఇంజనీరు కాదు, మేడమూ కాదు. పట్టణ కార్యాలయం సర్వేయరు, మనుషులిద్దరు, కొలతటేపు, బుట్టతో సున్నప్పొడి. బండి వెనక భాగంలో కంచెకు ఇనప కంబాలు.

“మేస్త్రీ, నువ్వా!” అన్నాడు సర్వేయరు. ఇద్దరూ ఎరిగినవాళ్ళే. “కొంచెం లే. కంచెకు గీత గీసి పెట్టాలి. నువ్వు కూర్చుంది సరిగ్గా గీత మీదే.”

“పదింటికి కదా మాట్లాడేది?”

“మాట్లాడేది వాళ్ళు మాట్లాడుకుంటారు. గీత గీసి ఉంచమన్నారు, గీస్తున్నాం.”

మేస్త్రి వీధి వైపు తిరిగి చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఒక చేతిలో చుట్టిన కాగితం, ఒక చేతిలో గుండీల డబ్బా. కంబాలను చూసినట్టుంది. అడుగు ముందుకు పడలేదు.

“ఎవరో కూర్చుంటారిక్కడ,” అన్నాడు మేస్త్రి.

“ఎవరు?”

“తెలీదు. రోజూ వస్తారు.”

“తెలియని మనిషి కోసం గీత ఆపుతామా? లే మేస్త్రీ, టైమైపోతోంది.”

“సాయంత్రందాకా ఆగితే ఎవరో తెలుస్తుంది.”

సర్వేయరు మనిషి బుట్టతో పక్కకొచ్చి నిలబడ్డాడు. సున్నప్పొడి గాలికి కొద్దిగా లేచి మేస్త్రి మోకాళ్ళ మీద పడింది. దర్జీ కొట్టు తలుపులు తీస్తూ తీస్తూ ఆగి ఇటు చూస్తున్నాడు. కుళాయి దగ్గరికి బిందెతో వచ్చిన మనిషీ ఆగింది.

“మేస్త్రీ, మర్యాదగా చెబుతున్నాను,” అన్నాడు సర్వేయరు.

మేస్త్రి దులుపుకోలేదు. కుర్చీని చేతులతో గట్టిగా పట్టుకుని, సందులో కనిపిస్తున్న ఏటి వైపు తిరిగి, అలాగే కూర్చున్నాడు. లేవలేదు.